నలుగురు తాతల మిద్దె

"ఆగు! ఇగ కొట్టకు బిడ్డా, ఆగు!"

తల్లి హన్మమ్మ పెట్టిన కేకకు భూమన్న చేతిలోని సుత్తె గాలిలోనే ఆగిపోయింది. గుంజ కింద చెక్కముక్క దిగగొడుతున్నాడతను. ఒక్కో దెబ్బకూ పైనుంచి మట్టి జలజలా రాలి, మంచం మీద పడుకున్న చెల్లెలి దుప్పటి మీద పడుతోంది. రుక్కమ్మ పసివాడి ముఖానికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

తెల్లవారుతుండగా పురిటి అర్ర దూలం ఫెళ్ళుమన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. దూలం నడిమికి, చెయ్యి పట్టేంత నెర్రె విచ్చింది. మొగులయ్య, భూమన్న, తండ్రీ కొడుకులిద్దరూ కొట్టంలోని వేపగుంజను ఊడబెరికి తెచ్చి దాని కింద నిలబెట్టారు. అర్ర ఇరుకు. గుంజ సరిగ్గా మంచానికీ గుమ్మానికీ నడుమ నిలిచింది. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా పక్కకు తిరిగి, దాన్ని తాకీ తాకకుండా జరగాల్సిందే.

బయట ముసురు వదలడం లేదు. ఇంటి వెనకే చెరువు. అలుగు దుంకుతున్న హోరు గోడలోంచి వినిపిస్తోంది.

"నీళ్ళు తాగిన మన్ను గది. గుంజ ఎంతసేపు ఆపుతది మామా?" అంది భూమన్న భార్య నీలమ్మ గుమ్మం దగ్గర నిలబడి. "ముందుగాల రుక్కను, పిల్లగాన్ని ఈడికెళ్ళి తీద్దాం. దూలం సంగతి తర్వాత చూసుకోండ్రి."

మొగులయ్య కోడలి వైపు చూడలేదు. చెయ్యెత్తి దూలాన్ని తట్టాడు, ఎద్దు వీపు తట్టినట్టు.

"టేకు దూలమిది. మా ముత్తాత బండ్ల మీద తెప్పిచ్చిండు. గిసొంటి ముసుర్లు శానా చూసింది."

"చూసింది మామా. గందుకే ఇరిగింది."

భూమన్న తల వంచుకున్నాడు. హన్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగులయ్య మాత్రం వినపడనట్టే నిలబడ్డాడు. ఆ ఇంట్లో కోడలి మాటకు జవాబు చెప్పడం అతనికి అలవాటు లేదు.

నారాయణఖేడ్‌లో బస్టాండు దిక్కు సిమెంటు స్లాబుల ఇళ్ళు ఎన్ని లేచినా, గడికింది గల్లీ ముందు దిగదుడుపే అంటాడు మొగులయ్య. పాత దొరల గడి గోడకూ చెరువు కట్టకూ మధ్య ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ మట్టి మిద్దెలవి. రెండు ఎడ్ల బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఒకటే. దాని మీద అటు వాళ్ళ దూలాలూ ఇటు వాళ్ళ దూలాలూ తలలు పెట్టుకుని పడుకుంటాయి. ఆ గల్లీలో ఇల్లుందంటే చాలు, పిల్లనిచ్చేవాళ్ళు ఇంకేమీ అడిగేవారు కాదు.

మిద్దెల మీద ఎండాకాలంలో చౌడు మట్టి పరుస్తారు, వాన నీరు దిగకుండా. గల్లీలో అందరూ పాత చౌడు గీకేసి కొత్తది పోస్తారు. మొగులయ్య ఇంటి వరస వేరు. ఇంటి పెద్ద పోయిన ఏడు అతని కొడుకు మిద్దె మీద తన చేత్తో కొత్త పొర వెయ్యాలి. పాతది గీకకూడదు. గీకితే తండ్రి చేతిని కడిగి పారేసినట్టే. ముత్తాత వేసినదాని మీద తాత, తాత వేసినదాని మీద తండ్రి, ఇప్పుడు మొగులయ్య. కారిన చోటల్లా ఏటేటా అదనంగా తట్టలకొద్దీ పోస్తూ వచ్చాడు. మిద్దె మందం చూపించి, "నా నెత్తి మీద నలుగురు తాతలున్నరు" అని మీసం తిప్పేవాడు. అతను పోసిందే అన్నిటికన్నా మందం. ఆ లెక్కన నాలుగో తాత తానే.

పెళ్ళయి వచ్చిన కొత్తలో నీలమ్మ ఊరుకోలేక అంది కూడా. "మా నాగల్‌గిద్ద దిక్కు ఏటేటా గీకుతరు మామా. బరువైతది గద" అని. "మీ దిక్కోళ్ళకు తాతలుంటే గద!" అన్నాడు మొగులయ్య. అంతా నవ్వారు. నీలమ్మ కూడా నవ్వింది. ఏం చేస్తుంది?

ఇప్పుడు నవ్వేవాళ్ళెవరూ లేరు.

"దవాఖానకు తీస్కపోతే..." అని గొణిగాడు భూమన్న.

"ఎట్ల తీస్కపోతవ్?" హన్మమ్మ కసిరింది. "అలుగు నీళ్ళు తొవ్వ మీద నడుం మట్టం పారుతున్నయ్. నిన్న బర్రె కొట్టుకపోయింది. బాలింతను ఎత్తుకుని దాటుతవా?"

"ముందటి సాయబాన్ల, చూరు కింద ఏస్తే?"

"ఈదురు గాలికి పసిగుడ్డు దక్కుతడారా? నడిమింట్ల పండబెడ్దామంటే అక్కడ ఇంకో దూలం కడుపు దించింది. అంతా ఒక్కటే మిద్దెనాయె."

"గల్లీల ఎవరింట్లనన్న..." అంది నీలమ్మ.

హన్మమ్మ కోడలి వంక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "పురుడు ఎల్లలేదు. పురుడు ఎల్లని బాలింతను ఎవరు గడప తొక్కనిస్తరే? వాళ్ళ ఇంట్ల దేవుండ్లు లేరా?"

ఆ మాట నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దూలంలోని నెర్రెను చూస్తూ నిలబడ్డారు.

మగవాళ్ళిద్దరూ బయటికి పోయాక నీలమ్మ గుంజ పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్ళింది. దుప్పటి మీది మట్టి దులిపింది. కుంపటిలో నిప్పులు ఆరిపోతుంటే ఊదింది. తడి పిడకలు పొగ తప్ప సెగ ఇవ్వలేదు.

"వదినె, నిజం చెప్పు. పడ్తదా?"

"పడదు. గుంజ పెట్టిన్రు గద."

"నువ్వు అబద్ధం చెప్తే నీ ముక్కు అదురుతది వదినె. నాకెరుకే."

నీలమ్మ ముక్కు మీద చెయ్యేసుకుంది. రుక్కమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

"మనూర్‌కెళ్ళి మా అత్తోళ్ళు పిల్లను చూడ వచ్చిన దినం యాదికున్నదా? నన్ను చూసినదానికన్న మిద్దెనే ఎక్కువ చూసిన్రు. మా మామ పైకెక్కి కాలుతోని తన్ని చూసిండు. గడికింది పిల్ల అని మా అత్త ఇప్పటికి ఊరంత చెప్పుకుంటది."

"ఊకో రుక్కా. పాలు ఇగురుతయ్."

"నన్ను లేపు. నడుస్త నేను. ఎవ్వరు ఎత్తుకోవద్దు."

నీలమ్మ రెండు చేతులూ పట్టి లేపింది. రుక్కమ్మ కాళ్ళు నేలకు ఆనాయో లేదో, ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. కాన్పులో పోయిన నెత్తురు పోనే పోయింది. ఒంట్లో ఇంకా నిలబడే సత్తువ రాలేదు. మళ్ళీ మంచం మీద వాలిపోయింది. పసివాడు నిద్రలోనే పెదాలు చప్పరించాడు. వాడికింకా పేరు లేదు. పురుడు వెళ్ళాక పెడదామనుకున్నారు.

నీలమ్మకు ఏడుపు రాలేదు. ఈ ఇంట్లో తను చెప్పింది ఎన్నడూ ఎవరూ వినలేదు. వినకపోయినా ఏళ్ళు గడిచాయి. ఈ ఒక్కరోజు వినకపోతే రెండు ప్రాణాలు పోతాయి. ఇంత పెద్ద మాట తన నోట్లో ఉండి కూడా అది తన నోట్లో ఉన్నందుకే చెల్లకుండా పోతోంది.

వంటింట్లో భూమన్న తడి తల తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. నీలమ్మ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది.

"నువ్వొక్క మాట అను మీ నాయినతోని."

"ఏమనాలె?"

"నాయినా, తప్పు చేస్తున్నవ్ అను. గంతే."

భూమన్న చాలాసేపు తుండుగుడ్డ పిండుతూ ఉండిపోయాడు. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"నాకు రాదు నీలా" అన్నాడు చివరికి. "పుట్టినకాడికెళ్ళి ఆయన ముంగట గొంతు లేపలేదు. లేపుదామన్నా లెవ్వదు."

మెత్తనివాడని పెళ్ళినాడు సంతోషించింది తనే. ఇప్పుడు ఎవర్నని ఏం లాభం?

పెరట్లోంచి ఎవరో పిలిచారు. "నీలమ్మా! ఓ నీలమ్మా!"

పెరటి గోడ మీదుగా సిద్దమ్మ తల కనిపించింది, వానకు నెత్తి మీద గోనెసంచి కొప్పెర వేసుకుని. పక్కింటి మాణిక్యప్ప భార్య. రెండిళ్ళకూ మాటల్లేక మూడో వానాకాలం ఇది. ఆడవాళ్ళు మాత్రం మగవాళ్ళు లేనప్పుడు ఈ గోడ మీదుగా మజ్జిగా కరివేపాకూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు.

"మా దిక్కు గోడ ఉబ్బింది పిల్లా. మీ దూలం ఇరిగిన సప్పుడు మాకు ఇనవడ్డది. రుక్క ఆ అర్రలనే ఉన్నదా?"

"ఆడనే ఉన్నది సిద్దమ్మత్తా. యాడికి తీయాలె? పురుడు ఎల్లలేదు."

"అయ్యో శివనే! మాకేం మైలనే?" సిద్దమ్మ మెడలోని లింగకాయను తాకి చూపించింది. "లింగం కట్టినోళ్ళకు పురుడు లేదు, సూతకం లేదు. అవతలి అర్ర మొత్తం రేకులే ఏసినం, గోడకు దూరం. మంచం ఏసి కుంపటి పెట్టిన. జల్దీ తీస్కరా."

ఇన్ని గంటలుగా వెతుకుతున్న తలుపు పక్కింట్లోనే ఉంది. కానీ ఆ ఇల్లు మాణిక్యప్పది.

మాణిక్యప్ప తన మిద్దె మన్ను మొత్తం దింపించి రేకులు వేయించిన ఏడు, మర్యాదగానే వచ్చి అడిగాడు. "మొగులయ్యా, గోడ ఇద్దరిది. నీ బరువు నా దిక్కు తోస్తున్నది. జర గీకించు" అని. మొగులయ్య ఆ మాటను గడి ముందు పదిమందిలో తిప్పికొట్టాడు. "నీ తాతల మన్ను చెరువుల పారబోసినోనివి, నా తాతల జోలికొస్తవా?" అన్నాడు. మాణిక్యప్ప మారు పలకకుండా వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి ఆ ఇంటి గడప ఈ ఇంటివాళ్ళు తొక్కలేదు.

నీలమ్మ ఎవరికీ చెప్పకుండా గొంగడి కప్పుకుని గల్లీలోకి దిగింది. పాదాల మీదుగా ఎర్రనీళ్ళు పారుతున్నాయి. మాణిక్యప్ప సాయబానులో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"సిద్దమ్మ చెప్పింది. తీస్కరండ్రి. పిల్లను మోసుటానికి నేనొస్త."

"మామ ఒప్పుకోలేదు. ఇంకా అడగలేదు" అంది నీలమ్మ.

మాణిక్యప్ప పగ్గం పక్కన పెట్టాడు. "అడుగు మరి. మీ మామ వచ్చి నన్ను బతిమాలొద్దు. నా గడప కూడ తొక్కొద్దు. ఊఁ అంటే చాలు. ఆయనకు ఎరుక లేకుంట బాలింతను తెచ్చి పండబెట్టుకుంటే, రేపు పంచాయితీల కూసుండి నా బిడ్డను ఎత్తుకపోయిండ్రంటడు. ఆయన నోరు నీకెరుకే."

"పంచాయితీ మాట ఇప్పుడెందుకయ్యా?" సిద్దమ్మ లోపలినుంచే అరిచింది. "మిద్దె కూలినంక ఊఁ అంటడా? చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటరా?"

"నువ్వాగు. ఆ ముసలోడు గా మన్ను మీద కూసున్నట్టు నేను నా మాట మీద కూసుంట లేను. ఒక్క ఊఁ. గంతే అడుగుతున్న."

తప్పు పట్టడానికి ఆ మాటలో ఏమీ లేదు. నీలమ్మ వెనక్కి తిరిగింది. నాలుగు అడుగుల దూరం ఆ రెండు గుమ్మాల మధ్య. ఆ నాలుగు అడుగులూ ఆమె కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచింది.

మొగులయ్య నడిమింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో చుట్ట ఆరిపోయి ఉంది. నీలమ్మ తడి గొంగడి విప్పకుండానే ఎదురుగా నిలబడింది. ఆ ఇంట్లో ఆమె మామకు ఎదురుగా నిలబడడం అదే మొదలు.

"మాణిక్యప్ప మామ ఇంట్ల రేకుల అర్రల మంచం ఏసిన్రు. వాళ్ళకు పురుటి మైల లేదంట. రుక్కను తీస్కపోతమంటున్నరు. మీరు ఊఁ అంటే చాలు."

"వాని ఇంటికి ఎవరు పొమ్మన్నరు నిన్ను?"

"ఎవ్వరు పొమ్మనలేదు. నేనే పోయిన."

"మొగులయ్య మిద్దె మీద పడ్తదని, ఆడబిడ్డను పక్కింట్ల దాచిపెట్టిండని ఊరంత అనుకోవాలె. గంతేనా?"

"అననియ్యి మామా. మనిషి దక్కితే మాటలు పడొచ్చు."

"మనూరోళ్ళకు ఏమని చెప్పాలె? వాళ్ళు ఈ మిద్దెను చూసి పిల్లను చేసుకున్నరు!"

"మిద్దె కింద పడి మీ కోడలు సచ్చిపోయిందని చెప్తరా?"

భూమన్న ఉలిక్కిపడి లేచాడు. మొగులయ్య చేతిలో చుట్ట నలిగి పొడి పొడి అయింది. కొడతాడేమో అనుకుంది నీలమ్మ. కొట్టినా బాగుండును. అతను కొట్టలేదు, తిట్టలేదు. గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, ఆ నాలుగో కాలు కళ్ళ ముందు కనిపిస్తుంటే ఏమనాలో తెలియక ఊరుకున్నట్టున్నాడు.

పురిటి అర్ర నుంచి దూలం మళ్ళీ మూలిగింది.

హన్మమ్మ మెల్లగా వచ్చి మొగుడి ముందు కూర్చుంది. జీవితమంతా అతని మాటకు వంత పాడిన మనిషి. గోడకు ఇటువైపు కూర్చుని మాణిక్యప్పను తిట్టిన తిట్లలో సగం ఆమెవే.

"ఇగ చాలు" అంది. "పంపుదాం. ఆ పిల్ల నీ బిడ్డ అయితే అయింది, నా కడుపుల పుట్టింది. నీ తాతలు నీకున్నరు. నాకు అదొక్కతే ఆడబిడ్డ."

మొగులయ్య భార్య వైపు చూశాడు. తలపాగా తీసి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. లేచి, ఎవరినీ పలకరించకుండా, వానలోకి వెళ్ళిపోయాడు.



"ఒద్దు అనలేదు" అంది హన్మమ్మ గుసగుసగా. "అవునా? ఒద్దు అనలేదు గద?"

"అనలేదవ్వా" అన్నాడు భూమన్న. అతని ముఖంలో అంత వెలుగు నీలమ్మ చాలా ఏళ్ళుగా చూడలేదు. "నాయినకు అంతకన్న ఎక్కువ చెప్పుడు రాదు. గదే ఊఁ అనుకో."

వాళ్ళు అలా అనుకున్నారు. అలా అనుకోవాలని ఎంతో ఆశగా ఉంది కనుక అనుకున్నారు.

ఇక అందరికీ కాళ్ళు వచ్చాయి. హన్మమ్మ పాత చీరలు తీసింది. భూమన్న మాణిక్యప్పను పిలవడానికి పరుగెత్తాడు. నీలమ్మ పసివాడిని చీరలో చుట్టి, దాని మీద గొంగడి చుట్టి, గుండెకు హత్తుకుంది.

"ముందుగాల వీన్ని ఇచ్చొస్త రుక్కా. ఎంటనే మాణిక్యప్ప మామను తీస్కొని వచ్చి నిన్ను ఒడుపుగ ఎత్తుకపోతం. భయపడకు."

"వదినె, వాని నెత్తి తడవొద్దు."

"తడవదు."

గల్లీ దాటి సిద్దమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే వెచ్చటి పొగ వాసన తగిలింది. సిద్దమ్మ చేతులు చాచి పసివాడిని అందుకుంది. "బారప్పా, బా" అని తమ కన్నడంలో రమ్మంటూ కుంపటి పక్కన ఒళ్ళో వేసుకుంది. రేకుల మీద వాన టపటపా మోగుతోంది. ఆ మోత వింటే నీలమ్మకు ఎంతో ధైర్యం వచ్చింది. ఇక్కడ నెత్తి మీద వాన మాత్రమే ఉంది, ఇంకెవరూ లేరు.

మాణిక్యప్ప తుండు నడుముకు బిగించి సిద్ధంగా ఉన్నాడు. "ఊఁ అన్నడా?" అని అడిగాడు.

"ఒద్దనలేదు" అన్నాడు భూమన్న.

మాణిక్యప్ప ఇద్దరి ముఖాలూ ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా వానలోకి దిగాడు. ముగ్గురూ గల్లీలోకి వచ్చారు. ముందు నడుస్తున్న మాణిక్యప్పే మొదట ఆగిపోయాడు.

మొగులయ్య ఇంటి గోడకు నిచ్చెన వేసి ఉంది.

నీలమ్మ తలెత్తి చూసింది. మిద్దె మీద, వానలో, పంచె పైకి చెక్కుకుని మొగులయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో పార. పార ఎత్తి మన్నులో దించాడు. ముద్దగా తడిసిన చౌడు పెళ్ళ ఒకటి లేచి, అంచు దాటి గల్లీలో చప్పున పడింది. అతను మళ్ళీ పార ఎత్తాడు. ముత్తాత నుంచి నేటిదాకా ఎవరూ పార తగలనివ్వని మిద్దెను, ఆ మనిషి తన చేత్తోనే గీకుతున్నాడు. సరిగ్గా పురిటి అర్ర పైన.

"మామా! దిగు మామా! పచ్చి మిద్దె, కాలు ఆనదు! కింద రుక్క ఉన్నది!"

"మన్ను గీకుమన్నరు గద? గీకుతున్న!" పైనుంచి మొగులయ్య అరిచాడు. అతని గొంతు వానలో వణికింది. "తాతలు పోతే పోనీ. నా పిల్ల మాత్రం ఇంకొకని పంచల పండుకోవద్దు. బరువే గద మీ పరేషాన్? దించుత. మొత్తం దించుత!"

ఏడుస్తున్నాడని నీలమ్మకు అర్థమైంది. ఇన్నేళ్ళ మొండితనం ఎట్టకేలకు వంగింది. వంగి వంగి, వంగకూడని చోట వంగింది. ఎండాకాలంలో ఇదే పని చేసి ఉంటే పండగ చేసుకునేవాళ్ళు.

ఆమె ఇంట్లోకి పరుగెత్తింది. పురిటి అర్రలో హన్మమ్మ కూతురిని లేపి కూర్చోబెట్టి, చంకల కింద చేతులు వేసి లాగుతోంది. ఒక్కో పార దెబ్బకూ గుంజ కిందినుంచి పైదాకా అదురుతోంది. వాసాల సందుల్లోంచి బురదనీళ్ళు దారాలుగా కారుతున్నాయి.

"జల్దీ రా అత్తా, జల్దీ!" నీలమ్మ గుమ్మంలోంచి చేతులు చాచింది.

సరిగ్గా అప్పుడే గల్లీలోంచి ఒక కేక వినిపించింది. అది ఎవరి గొంతో నీలమ్మ మొదట పోల్చుకోలేకపోయింది.

"నాయినా! దిగూ!"

భూమన్న గొంతది. ఎవరి ముందూ లేవని ఆ గొంతు, గల్లీ గల్లీ దద్దరిల్లేలా లేచింది. ఎన్నడూ వినని ఆ కేకకు పైన మొగులయ్య అదిరిపడి వెనక్కి తిరిగి ఉంటాడు. పార చప్పుడు ఆగింది. బరువైనదేదో ఒక్కసారిగా దిగబడ్డ చప్పుడైంది.

వాసాల మధ్యనుంచి మట్టి కుప్పగా కూలింది. దానితోపాటు ఒక కాలు దిగింది. తొడదాకా బురద పూసుకున్న ముసలి కాలు, రుక్కమ్మ మంచానికి సరిగ్గా పైన, గాలిలో వేలాడింది. ఆ కుదుపుకు గుంజ పైకొన జరిగి, దూలం అంచున వేలెడంత మేర నిలిచింది. కింది భాగం వాలి, మంచానికీ గుమ్మానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందునూ మూసేసింది. దాన్ని జరపకుండా లోపలివాళ్ళు బయటికి రాలేరు. జరిపితే దూలం ఆగదు.

హన్మమ్మ కూతురిని తన ఒంటితో కప్పేసింది. గోడ అవతల, సిద్దమ్మ ఇంట్లో, పసివాడు ఆకలికి ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపుకు రుక్కమ్మ రవిక తడిసింది. ఆమె కళ్ళు మాత్రం తండ్రి కాలి మీదే ఉన్నాయి.

"నాయినా," అంది మెల్లగా, "కదలకు."

పైన వాన చప్పుడు, ఆయాసం. తర్వాత ఆ కంతలోంచి మొగులయ్య గొంతు వినిపించింది. కొడుకును పిలవలేదు, భార్యను పిలవలేదు.

"నీలమ్మా" అన్నాడు. ఆ ఇంటికి వచ్చాక అతని నోట తన పేరు వినడం నీలమ్మకు అదే మొదటిసారి. "కాలు బయటికి వస్తలేదు. గుంజుకుంటే మిద్దె మొత్తం కూలేటట్టున్నది. ఇప్పుడేం జెయ్యాలె బిడ్డా? నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్త."

నీలమ్మ నోరు తెరిచింది. ఇన్నేళ్ళుగా చెప్పడానికి ఎన్నో మాటలున్న ఆమెకు, ఆ క్షణంలో చెప్పడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.